అడగని ప్రశ్న
(సంస్థ వార్షిక సభలో ఉచిత వైద్యశాల వైద్య బృందం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ సభలో వైద్యశాల తరఫున లెక్క చెప్పడం మాకు ఆనవాయితీ. ఎంతమందిని చూశాం, ఎన్ని మందులిచ్చాం, ఎన్ని కంటి ఆపరేషన్లకు పంపాం అన్న పట్టికలు ఈ సంచికలోనే వేరే పేజీల్లో ఉన్నాయి. తీరిక చేసుకుని చూడగలరు. ఈసారి ఆ పట్టికల్లోకి రాని ఒక విషయం చెప్పడానికి నిలబడ్డాం. అది మా సాఫల్యం కాదు, మా లోపం. మీ డబ్బుతో నడిచే చోట జరిగిన లోపం కనుక మీకు చెప్పాల్సిన బాధ్యత మాకుంది.

మిర్చి యార్డులో బస్తాలు మోసే ఒక సోదరుడు రెండేళ్లుగా మన వైద్యశాలకు వస్తున్నాడు. నలభై దాటిన మనిషి. పేరు చెప్పం. కడుపులో మంట అని మొదట వచ్చాడు. గ్యాస్ బిళ్లలిచ్చాం. తరువాత బీపీ ఎక్కువగా ఉందన్నాం. ఒక బిళ్ల రాశాం, తగ్గలేదు. రెండో బిళ్ల కలిపాం, అయినా తగ్గలేదు. నిద్ర పట్టడం లేదన్నాడు. అరికాళ్లు తిమ్మిర్లన్నాడు. షుగర్ పరీక్ష చేయించాం, షుగర్ లేదు. ప్రతిసారీ అతని కాగితం మీద ఏదో ఒకటి రాస్తూ వచ్చాం. ఆ కాగితంలో బీడీకి ఒక గడి ఉంది. గుట్కాకు ఒక గడి ఉంది. మద్యానికి గడి లేదు. ఆ కాగితాన్ని అచ్చు వేయించింది మేమే. మన వైద్యశాలకు వచ్చేవారిలో ఎక్కువమంది మనవాళ్లే కదా, ఇలాంటి ప్రశ్న అడిగితే నొచ్చుకుంటారు కదా అనుకున్నాం. నిజం చెప్పాలంటే, అనుకోను కూడా లేదు. ఆ ప్రశ్న మా మనసుకే రాలేదు.

రంజాన్ నెలవంక కనిపించిన రాత్రి ఆ సోదరుడు తౌబా చేసుకుని, ఇక ముట్టనని నిశ్చయించుకున్నాడు. ఆ మధ్యాహ్నం దాకా రోజూ తాగుతున్న మనిషి. మొదటి రోజా ఉన్నాడు. ఇఫ్తార్‌కు ఖర్జూరం పట్టుకుంటే చేయి వణికింది. ఉపవాసం నీరసమని ఇంట్లో అనుకున్నారు. రెండో రోజు సహరీ వేళకు ఫిట్స్ వచ్చింది. కాసేపటికి తేరుకున్నాడు, అదీ నీరసమే అనుకున్నారు. మూడో రాత్రి గోడ మీద పురుగులు పాకుతున్నాయని కేకలు వేశాడు. చనిపోయిన తండ్రితో మాట్లాడడం మొదలుపెట్టాడు. ఏదో సాయా పడిందని అతన్ని ఒక ఆమిల్ దగ్గరకు తీసుకెళ్లారు. ఊదిన నీళ్లు, తాయెత్తు అయ్యాయి. తెల్లవారేసరికి ఒళ్లు కాలిపోతోంది, మనిషి మనిషిలో లేడు. వీధిలో ఉండే ఆశా కార్యకర్త చూసి 108కి ఫోన్ చేసింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చాలా రోజులున్నాడు. అల్లాహ్ దయవల్ల బతికి బయటపడ్డాడు.

ఈద్ అయ్యాక మా దగ్గరకు వచ్చాడు. ఎన్నేళ్లుగా తాగుతున్నావు భాయ్, మాకెందుకు చెప్పలేదు అని అడిగాం. తల వంచుకుని ఒకే మాట అన్నాడు: "డాక్టర్ సాబ్, మీరు అడిగి ఉంటే చెప్పేవాడినే."

సోదరులారా, ఆ మాట విన్న తరువాత చేసిన ఆలోచన, చదువు, దిద్దుబాటు, ఇవే ఈ ప్రసంగం.

ముందుగా ఆ మూడు రోజుల్లో అతని శరీరంలో జరిగిందేమిటో చెప్పాలి. ఎందుకంటే ఇది ప్రతి రంజాన్‌కూ ఏదో ఒక ఇంట్లో జరిగే ప్రమాదం ఉంది. మద్యం మెదడును నొక్కిపెడుతుంది. రోజూ నొక్కుతుంటే, పడిపోకుండా ఉండేందుకు మెదడు రోజూ ఎదురు తోస్తుంది. బస్తా మోసేవాడి మెడ బరువుకు ఎదురు బిగుసుకున్నట్టే. ఆ బరువును ఒక్కసారిగా తీసేస్తే, ఎదురు తోసే బలం మాత్రం అలాగే మిగులుతుంది. చివరిసారి తాగిన ఆరేడు గంటలకే వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పి, లేనివి కనిపించి, జ్వరం, బీపీ పెరిగిపోతాయి. వైద్యం అందకపోతే ప్రాణం పోవచ్చు. ఆ సోదరునికి జరిగింది అచ్చంగా ఇదే, ఇదే వరుసలో. అది సాయా కాదు. రోజూ ఎక్కువగా తాగే మనిషి, వైద్యుడికి చెప్పకుండా, ఒక్కసారిగా మానినందువల్ల వచ్చిన జబ్బు. దానికి మందుంది. డయాజెపామ్, క్లోర్డయాజెపాక్సైడ్ వంటి మందులను వైద్యుడు తగిన మోతాదులో ఇచ్చి, కొద్దిరోజుల్లో తగ్గిస్తూ ఆపుతాడు. బి1 విటమిన్, అంటే థయామిన్ ఇస్తాడు. తాగేవారిలో అది తరిగిపోయి ఉంటుంది. అది లేకుండా గ్లూకోజ్ మాత్రం ఎక్కిస్తే మెదడుకే దెబ్బ తగిలే ప్రమాదం ఉంది. ఇవేవీ ఖరీదైన మందులు కావు. కావలసింది ముందుగా తెలియడం. తెలియాలంటే ఎవరో ఒకరు అడగాలి.

మన సమాజంలో ఇది ఎంత ఉంది అని మీరు అడగవచ్చు. దేశం లెక్క చెబుతాం. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వ శాఖ కోసం ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ కేంద్రం చేసిన సర్వే 2019లో వెలువడింది. 10 నుంచి 75 ఏళ్లవారిలో నూటికి 14.6 మంది, అంటే సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. అందులో 5.7 కోట్ల మందికి తాగుడు ఒక సమస్యగా మారి, వైద్య సహాయం అవసరమైన స్థితిలో ఉంది. వీరిలో సగం మంది దాదాపుగా వ్యసనానికి బానిసలైనవారే. అలా బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్య సహాయం అందింది. మిగతా 37 మంది ఎక్కడున్నారు? ఇంట్లోనో, పనిలోనో, లేకపోతే గ్యాస్ బిళ్లల కోసం, బీపీ బిళ్లల కోసం మనలాంటి వైద్యశాలల వరుసలోనో ఉన్నారు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 ఏళ్లు దాటిన మగవారిలో నూటికి 18.8 మంది తాగుతుంటే, పక్కన తెలంగాణలో 43.3 మంది తాగుతున్నారు. మనం ఆ నేల మీదే బతుకుతున్నాం. అదే యార్డు, అదే ఆటో స్టాండు, అదే వర్క్‌షాపు, అదే జీతం రోజు సాయంత్రం.

మన దీన్ మనల్ని కాపాడుతోంది, అందులో సందేహం లేదు. మనలో ఎంతోమంది ఒక్క చుక్క ముట్టకుండా జీవితం గడుపుతున్నారు. కానీ, హరామ్ అని తెలిసిన సమాజంలో తాగేవాడు రెండుసార్లు దాక్కుంటాడు. ఒకసారి ఇంటివారి నుంచి, ఒకసారి తన మనసు నుంచి. మిగతా సమాజాల్లో తాగే మనిషి కనీసం స్నేహితుడితోనైనా చెప్పుకుంటాడు. మనవాడు చెప్పుకోడు. జుమాకు వస్తాడు, చివరి సఫ్‌లో నిలబడి వెళ్లిపోతాడు. అతని భార్య పుట్టింట్లో కూడా చెప్పదు, కూతురి సంబంధం చెడుతుందని భయం. కాబట్టి మనలో తక్కువమంది తాగుతారన్నది నిజమైనా, తాగేవారు ఆలస్యంగా బయటపడతారన్నది అంతకన్నా చేదు నిజం. కాలేయం చెడ్డాక, ఉద్యోగం పోయాక, ప్రమాదం జరిగాక తెలుస్తుంది.

మరి అడగడం ఎలా? దీనికి మనం కొత్తగా కనిపెట్టవలసింది లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1980లలో ఆరు దేశాల ప్రాథమిక వైద్యశాలల్లో పరిశోధన చేయించి, పది ప్రశ్నల కాగితం ఒకటి తయారు చేసింది. ఆడిట్ అంటారు. ఎంత తరచుగా తాగుతారు, తాగిన రోజు ఎంత తాగుతారు, ఒకే విడతలో ఆరు పెగ్గులు దాటడం ఎన్నిసార్లు అని మొదటి మూడు ప్రశ్నలు. మొదలుపెట్టాక ఆపలేకపోయారా, చేయవలసిన పని చేయలేకపోయారా, పొద్దున్నే పుచ్చుకుంటే గానీ లేవలేకపోయారా అని తరువాతి మూడు. పశ్చాత్తాపం, రాత్రి జరిగింది గుర్తు లేకపోవడం, తనకో ఇతరులకో దెబ్బలు తగలడం, ఇంటివారో వైద్యుడో తగ్గించమని చెప్పడం, ఇవి చివరి నాలుగు. మొత్తం 40 మార్కులు. 8 లోపు ఉంటే ప్రమాదం తక్కువ. 8 నుంచి 15 అయితే వైద్యుని సలహా చాలు. 16 నుంచి 19 అయితే కొన్ని విడతలు కూర్చుని మాట్లాడాలి, మళ్లీ మళ్లీ చూడాలి. 20, ఆపైన వస్తే వ్యసనం ముదిరిందేమోనని నిపుణులకు చూపించాలి. ఐదు నిమిషాల పని.

ఈ కాగితం వాడేటప్పుడు మనం గుర్తుంచుకోవలసిన ఒక సంగతి ఉంది. పశ్చాత్తాపం ఎన్నిసార్లు కలిగిందన్న ప్రశ్నకు, పెళ్లిలో ఒక్కసారి ఒక్క గుక్క తాగిన ముస్లిం యువకుడు కూడా 'రోజూ బాధపడుతున్నాను' అంటాడు. అది వ్యసనానికి గుర్తు కాదు, ఈమాన్‌కు గుర్తు. మరోవైపు, రోజూ తాగే మనిషి సిగ్గుతో 'ఎప్పుడో ఒకసారి' అంటాడు. కనుక మార్కుల వెనక ఉన్న మనిషిని చూడాలి. లెక్క మనకు దారి చూపుతుంది, తీర్పు చెప్పదు.

పెగ్గు లెక్క కూడా చెప్పాలి. వినడానికి ఇబ్బందిగా ఉండవచ్చు, కానీ తల్లిదండ్రులకు తెలిసి ఉండడం మంచిది. మన దేశంలో అమ్మే విస్కీ, బ్రాందీ నూటికి 42.8 పాళ్ల మద్యం. 30 మిల్లీలీటర్ల చిన్న పెగ్గులో సుమారు 10 గ్రాముల మద్యం ఉంటుంది. జనం 'ఒక్క క్వార్టరే' అంటారే, ఆ 180 మిల్లీలీటర్ల సీసాలో ఆరు పెగ్గులున్నాయి. స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసా నాలుగు పెగ్గులకు సమానం. 'నేను బీరే తాగుతాను, మందు కాదు' అనే కుర్రవాళ్లున్నారు. రోజుకు రెండు సీసాలంటే వాడు ఎనిమిది పెగ్గులు తాగుతున్నట్టు.

అడిగాక ఏం చేయాలి? ఇక్కడ మాకు ఎక్కువ ధైర్యమిచ్చింది మన దేశంలోనే, గోవాలో జరిగిన ఒక పరిశోధన. అది 2017లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చింది. పది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వేరే జబ్బులతో వచ్చినవారిని ఈ ఆడిట్ ప్రశ్నలు అడిగారు. 12 నుంచి 19 మార్కులు వచ్చిన 377 మంది మగవారిని రెండు భాగాలు చేశారు. ఒక భాగానికి మామూలు వైద్యం. రెండో భాగానికి అదనంగా ఒక సలహాదారుతో నాలుగు విడతల వరకు మాటలు, ఒక్కో విడత అరగంట నుంచి ముప్పావుగంట. ఆ సలహాదారులు డాక్టర్లు కారు, మానసిక నిపుణులు కారు. స్థానికులు, ఆ పని కోసమే శిక్షణ పొందినవారు. మూడు నెలల తరువాత చూస్తే, మాట్లాడిన భాగంలో నూటికి 36 మంది ప్రమాద స్థాయి నుంచి బయటపడ్డారు, మామూలు వైద్యం పొందినవారిలో 26 మంది. గత రెండు వారాలుగా అసలు ముట్టనివారు ఇటు 42 మంది, అటు 18 మంది. ఏడాది గడిచాక చూసినా ఫలితం చెదరలేదు. ప్రమాద స్థాయి నుంచి బయటపడినవారు ఇటు 54, అటు 32. నాలుగు కూర్చోవడాలకు ఇంత ఫలితం.

అంతా తేలిక అని మీకు ఆశ పెట్టడం మాకు ఇష్టం లేదు. గోవా పరిశోధనలో కూడా ఏడాది చివరికి దాదాపు సగం మంది బయటపడలేదు. 20 మార్కులు దాటి వ్యసనంలో కూరుకుపోయినవారు ఆ లెక్కలో లేరు, వారికి మాట ఒక్కటే చాలదు. ప్రపంచవ్యాప్తంగా జరిగిన 69 పరిశోధనలను 2018లో సమీక్షించినప్పుడు, ప్రాథమిక వైద్యుడు చెప్పే క్లుప్తమైన సలహా వల్ల సగటున వారానికి 20 గ్రాముల మద్యం తగ్గింది. అంటే రెండు చిన్న పెగ్గులు. ఒక మనిషికి ఇది చిన్న మార్పే. కానీ వైద్యశాలకు వచ్చే ప్రతి మనిషినీ అడిగితే, ఆ చిన్న మార్పులన్నీ కలిసి ఎన్ని ప్రమాదాలను, ఎన్ని కాలేయాలను కాపాడతాయో ఆలోచించండి.

ఆ సలహాలో మంత్రమేమీ లేదు. మొదట, నీ ఒంట్లో కనిపిస్తున్నది ఇది అని చూపిస్తాం. 'భాయ్, నీ బీపీ రెండు బిళ్లలకూ తగ్గనిది ఇందువల్లే కావచ్చు' అంటాం. నిర్ణయం నీదే అంటాం. మా సలహా స్పష్టంగా చెబుతాం. దారులు చూపిస్తాం: జీతం రోజు ఆ వీధిన రాకుండా ఇంకో దారిన రావడం, డబ్బు భార్య చేతికి ముందే ఇవ్వడం, మగ్రిబ్ నుంచి ఇషా దాకా మస్జిద్‌లోనో, పిల్లల దగ్గరో ఉండడం, పిలిచే స్నేహితుడికి చెప్పవలసిన జవాబు ముందే అనుకోవడం. తిట్టం. చివరగా, నీవు మానగలవు అంటాం. చాలామందికి ఆ చివరి మాట చెప్పినవారే ఉండరు.

ముదిరిన వ్యసనానికి మందులున్నాయి. నాల్ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటివి కోరికను తగ్గిస్తాయి, మానినవాడు నిలబడేందుకు తోడ్పడతాయి. కాలేయం ఎలా ఉందో, ఇంకేం మందులు వాడుతున్నాడో చూసి వైద్యుడే రాయాలి. ఇంతకుముందు ఫిట్స్ వచ్చినవారు, మతి తప్పినవారు, ఇంట్లో చూసే దిక్కు లేనివారు ఆసుపత్రిలో ఉండే మానాలి. మిగతావారికి రోజూ చూస్తూ ఇంట్లోనే మాన్పించవచ్చు.

ఇక్కడ తల్లులకు, అక్కచెల్లెళ్లకు ఒక హెచ్చరిక. 'తెలియకుండా కూరలో కలపండి, తాగుడు మానేస్తాడు' అని అమ్మే పొడులు, బిళ్లలు ఉన్నాయి. ఒక చెల్లెలు అలాంటి పొట్లం తెచ్చి మాకు చూపించింది. అందులో ఏముందో అమ్మినవాడూ చెప్పలేదు. డైసల్ఫిరామ్ అనే మందు ఒకటుంది. డెన్మార్క్ పరిశోధకులు 1948లో దీన్ని వైద్యానికి తెచ్చారు. అది ఒంట్లో ఉండగా మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె అదిరి, బీపీ పడిపోతుంది. ఒక్కోసారి ప్రాణం పోతుంది. తెలిసి, ఒప్పుకుని, ఇంటివారి పర్యవేక్షణలో వేసుకునేవాడికి అది ఉపకారం చేస్తుంది. తెలియకుండా పెడితే విషం పెట్టినట్టే. ఆ చెల్లెలి బాధ మాకు అర్థమైంది, పిల్లల ఫీజు సీసాలో పోతుంటే ఏ తల్లికైనా అంతే. అయినా అమ్మా, ఆ పని చేయకండి. మా దగ్గరకు రండి. అతను రాకపోయినా మీరు రండి. మీకు చెప్పవలసింది, మీ కోసం చేయవలసింది కూడా ఉంది.

అలాగే, గొలుసులతో కట్టి, కొట్టి మాన్పిస్తామనే చోట్లకు పంపవద్దు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల దుర్వినియోగంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా తన నిర్వచనంలో చేర్చింది. అంటే ఆ మనిషికి గౌరవంగా వైద్యం పొందే హక్కు ఉంది. గొలుసు వేయడం నేరం.

ఇప్పుడు మనలో కొందరు పెద్దలు మాతో అన్న రెండు మాటలకు జవాబు చెప్పాలి. ఆ మాటలన్నది మన మేలు కోరే.

మొదటిది: 'హరామ్ పనిని వైద్యశాలలో జబ్బు అంటే, దానికి అనుమతి ఇచ్చినట్టు కాదా?' కాదు. ఏ మద్యమైనా, ఎంతైనా, ఆరోగ్యానికి సురక్షితమైన స్థాయి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థే 2023లో చెప్పింది. కొంచెం తాగితే ఫరవాలేదని మా నోట ఎన్నడూ రాదు. కానీ నిన్న పది పెగ్గులు తాగినవాడు ఈవేళ ఆరు అని వచ్చి చెబితే, అతన్ని తలుపు బయట నిలబెట్టం. రేపటి గురించి మాట్లాడతాం. దివ్య ఖుర్ఆన్‌లో మద్య నిషేధం ఎలా వచ్చిందో ఉలమాలు మాకన్నా బాగా చెప్పగలరు. బఖరా సూరాలో దాని కీడు మేలుకన్నా పెద్దదన్న హెచ్చరిక వచ్చింది, నిసా సూరాలో మత్తులో నమాజు దగ్గరకు రావద్దన్న ఆజ్ఞ వచ్చింది, మాయిదా సూరాలో పూర్తి నిషేధం వచ్చింది. నిషేధం ఇప్పుడు సంపూర్ణం, అందులో మెట్లు లేవు. కానీ మనుషుల మనసును ఎలా సిద్ధం చేయాలో ఆ క్రమం మనకు నేర్పుతోంది. రోగికి ఉపవాసం విషయంలో సడలింపు ఉందని కూడా ఖుర్ఆనే చెబుతోంది. మానే క్రమంలో మందు వేళ తప్పకూడని మనిషి రోజా గురించి ముందుగా ఆలిమ్‌ను, వైద్యుణ్ణి కలిపి అడిగితే ఎవరికీ ఇబ్బంది ఉండదు.

రెండో మాట: 'ఇలాంటివారి మీద జకాత్ సొమ్ము ఎందుకు? అనాథలున్నారు, వితంతువులున్నారు.' ఇది న్యాయమైన ప్రశ్న. ఏ పద్దు నుంచి ఏది ఖర్చు చేయవచ్చో ఉలమాలు చెప్పినట్టే చేస్తాం. జకాత్ ఖాతాను, మిగతా ఖాతాను వేరుగానే ఉంచుతాం. అయితే ఒక్కటి ఆలోచించండి. మన పింఛను జాబితాలో ఉన్న వితంతువుల్లో, మన స్కాలర్‌షిప్ తీసుకునే అనాథల్లో, ఎవరి భర్త, ఎవరి తండ్రి ఎందువల్ల పోయాడో మనం ఎప్పుడైనా అడిగామా? పోయాక ఆ ఇంటిని పోషించడం పుణ్యమే. పోకముందు ఆ ఇంటి యజమానిని నిలబెట్టడం ఇంకా పెద్ద పుణ్యం కాదా?

తాగి పదేపదే శిక్ష పొందిన ఒక మనిషిని ఎవరో శపిస్తే, దైవప్రవక్త (సల్లం) వారించి, అతనికి అల్లాహ్ పట్ల, ఆయన ప్రవక్త పట్ల ప్రేమ ఉందని చెప్పిన సంఘటన సహీహ్ బుఖారీలో ఉంది. తప్పును తప్పు అంటూనే మనిషిని విడిచిపెట్టకపోవడం మన సున్నత్.

చట్టాల సంగతీ మనం చూశాం. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకుంటున్న ఆడవాళ్లు సారా దుకాణాన్ని మూయించారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుని 1993లో సారా నిషేధం, 1995లో సంపూర్ణ మద్య నిషేధం వచ్చాయి. 1997లో ఆ నిషేధం పోయింది. 2020 లాక్‌డౌన్‌లో మద్యం దుకాణాలు, కల్లు దుకాణాలు ఒక్కసారిగా మూతపడితే, హైదరాబాద్ ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు వణుకుతో, ఫిట్స్‌తో, మతి తప్పి జనం వరుస కట్టారు. దుకాణం తెరిచినా ముప్పే, వైద్యం లేకుండా మూసినా ముప్పే. ప్రభుత్వాలు మారతాయి, దుకాణాలు మారతాయి. వైద్యుని గదిలో ఆ ప్రశ్న మాత్రం నిలిచి ఉండాలి.

మేము మొదలుపెట్టినవి చెబుతాం. కొత్త కాగితంలో మద్యం గడి పెట్టాం. పద్దెనిమిదేళ్లు దాటిన ప్రతివారినీ, మగవారినీ ఆడవారినీ, గడ్డం ఉన్నా లేకపోయినా, ఒకే తీరున అడుగుతాం. అందరినీ అడుగుతాం కనుక ఎవరినీ అనుమానించినట్టు కాదు. 'మా దగ్గరకు వచ్చే అందరినీ బీపీ చూసినట్టే ఈ మాట కూడా అడుగుతాం' అని ముందే చెబుతాం. ఇంతవరకు ఎవరూ అలిగి వెళ్లిపోలేదు. ఒక పెద్దాయన నవ్వి, 'నన్నడగడానికి ఇన్నేళ్లు పట్టిందా బేటా' అన్నారు. ఆయన ఎన్నడూ ముట్టని మనిషి. కానీ ఆయనే మరుసటి వారం తన అల్లుణ్ణి వెంటబెట్టుకుని వచ్చారు.

షాబాన్ నెలలోనే ఇమాం సాహెబులు జుమాలో ఒక్క మాట చెప్పాలని కోరాం: రోజూ తాగేవారు రంజాన్‌కు మానదలిస్తే అల్లాహ్ స్వీకరించుగాక, కానీ ముందుగా వైద్యుణ్ణి కలవండి అని. పేరు చెప్పనక్కరలేదు, చేయి ఎత్తనక్కరలేదు. ఇద్దరు ఇమాంలు వెంటనే ఒప్పుకున్నారు.

ఇక మీ నుంచి మేము కోరేది. ఒక సలహాదారుకు జీతం. నిపుణుడు అక్కరలేదు, ఓపిక, రహస్యం దాచే గుణం, శిక్షణ ఉంటే చాలు. స్త్రీల కోసం ఒక సోదరి కూడా ఉంటే మరీ మంచిది. రెండోది, తలుపు ఉన్న ఒక గది. ఇప్పుడు మేము పరదా వెనక మాట్లాడుతున్నాం, వరుసలో కూర్చున్నవారికి ప్రతి మాటా వినిపిస్తోంది. మూడోది, వారంలో రెండు సాయంత్రాలు ఇషా తరువాత వైద్యశాల తెరిచి ఉంచే ఖర్చు. హమాలీలు, ఆటో సోదరులు పగలు పని వదిలి రాలేరు. నాలుగోది, ఆసుపత్రిలో చేర్చవలసినవారికి ఆ పది రోజుల ఇంటి ఖర్చు. సంపాదించే మనిషి మంచం మీద ఉంటే ఆ ఇంట్లో పొయ్యి వెలగదు, పొయ్యి వెలగదన్న భయంతోనే అతను ఆసుపత్రికి వెళ్లడు.

డబ్బు కాని సాయం ఒకటుంది, అది అన్నిటికన్నా పెద్దది. అడగకండి. ఎవరు వస్తున్నారు, ఫలానా ఆయన కొడుకు వచ్చాడా అని కమిటీ సభ్యులైనా సరే మమ్మల్ని అడగవద్దు. అడిగినా చెప్పం. మన సంచికలో ఎప్పుడూ సాయం పొందినవారి ఫోటోలు వేస్తాం. ఈ పనికి సంబంధించి ఒక్క ఫోటో కూడా ఈ సంచికలో లేదు, ఇకముందు కూడా ఉండదు. మీ సొమ్ము ఎక్కడికి వెళ్లిందో ముఖం చూపించలేం. లెక్క మాత్రం పైసాతో సహా చూపిస్తాం. దానం చేసే కుడిచేతి సంగతి ఎడమచేతికి తెలియకూడదని నమ్మే సమాజం కనుక మీకు ఇది కష్టం కాదనుకుంటున్నాం.

మా దగ్గరకు రాలేనివారికి ప్రభుత్వ ఫోన్ నంబర్లున్నాయి. మత్తు వదిలించే సలహాకు 14446, మనసు బాగోలేనప్పుడు మాట్లాడేందుకు టెలిమానస్ 14416. ఫిట్స్ వచ్చినా, మతి తప్పినా ఆలస్యం చేయకుండా 108. ఈ మూడూ రాసి ఇంట్లో ఒకచోట అంటించుకోండి.

ఆ హమాలీ సోదరుడు ఇప్పుడు మళ్లీ యార్డుకు వెళుతున్నాడు. మధ్యలో ఒకసారి జారాడు. మరుసటి రోజే వచ్చి చెప్పాడు. మళ్లీ మొదలుపెట్టాం. అతని అరికాళ్ల తిమ్మిర్లు కొంత తగ్గాయి, బీపీకి ఇప్పుడు ఒక బిళ్ల సరిపోతోంది. వచ్చే రంజాన్ గురించి అతనే అడిగాడు, 'ఈసారి రోజాలు ఉండవచ్చా డాక్టర్ సాబ్' అని. ఇన్షా అల్లాహ్ ఉండవచ్చు అన్నాం.

అడగవలసిన ప్రశ్నను అడిగే ధైర్యాన్ని మాకు, చెప్పవలసిన మాటను చెప్పుకునే ధైర్యాన్ని వారికి, విన్న మాటను దాచే ఓర్పును మనందరికీ అల్లాహ్ ప్రసాదించుగాక. మీ దానాలను స్వీకరించుగాక. ఆమీన్.